కంటి వైకల్య పింఛను దరఖాస్తు తిరిగి వచ్చినప్పుడు: మాజీ సైనికులు సమకూర్చవలసిన ఆధారాలు

ఆవడి, తాంబరం, పరంగిమలై ప్రాంతాలలో స్థిరపడిన మాజీ సైనికులలో తెలుగు కుటుంబాలవారు కూడా ఉన్నారు. తెలుగు జిల్లాలకు సైన్యంతో ఉన్న బంధం పాతది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అన్న పేరే స్థిరపడింది. ఉద్యోగం ముగిసిన తరువాత పిల్లల చదువుల కోసమో, మరొక కొలువు కోసమో చెన్నై చేరినవారు ఇక్కడి నుండే పింఛను వ్యవహారాలను నడుపుకోవలసి వస్తున్నది.

వారిలో కంటిచూపు దెబ్బతిన్నవారు వైకల్య పింఛనుకు దరఖాస్తు చేసినప్పుడు ఒక్కొక్కసారి ఆ దరఖాస్తు ‘మరిన్ని ఆధారాలతో తిరిగి సమర్పించవలెను’ అన్న ఉత్తరంతో వెనుకకు వస్తుంది. దానిని తిరస్కారంగా భావించి కాగితాలను పెట్టెలో పెట్టేసేవారు కొందరు. మరునాడే ఆసుపత్రికి వెళ్లి, కొత్తగా కంటి పరీక్ష చేయించుకొని, ఆ నివేదికను జతచేసి పంపేవారు మరికొందరు. అదీ తిరిగి వస్తే ఏం చేయాలో వారికి తోచదు. కార్యాలయం అడిగిన ప్రశ్న ఒకటి, వారు పంపిన జవాబు మరొకటి కావడమే తరచుగా దీనికి కారణం. ఆ ప్రశ్నలు ఏమిటో, ఏ ప్రశ్నకు ఏ కాగితం జవాబో ఈ వ్యాసం వివరిస్తుంది.

మూడు ప్రశ్నలు

వైకల్య పింఛను దరఖాస్తును పరిశీలించేవారు ప్రధానంగా మూడు విషయాలు చూస్తారు. మొదటిది, జబ్బు లేదా గాయం ఎప్పుడు మొదలైంది. రెండవది, దానికి సైనిక సేవతో సంబంధం ఉన్నదా. అనగా అది సేవ కారణంగా కలిగినదా, లేక ఉన్న జబ్బు సేవా పరిస్థితుల వల్ల ముదిరినదా. మూడవది, దానివల్ల కలిగిన వైకల్యం ఎంత శాతం.

ఈ నాడు చేయించుకొన్న కంటి పరీక్ష ఈ నాటి చూపును చెబుతుంది. అది మూడవ ప్రశ్నకు కొంతవరకు జవాబు కాగలదు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు పాత కాగితాలలోనే ఉంటుంది.

ఉదాహరణకు, 1986లో సైన్యంలో చేరి, 24 సంవత్సరాలు పనిచేసి, 2010లో విరమించిన ఒక హవల్దారును ఊహించుకొందాము. 2003లో ఎత్తైన పర్వత ప్రాంతంలో పనిచేస్తుండగా ఆయన ఎడమకంటి చూపు మసకబారింది. మిలిటరీ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. విరమణ వేళ వైద్య బోర్డు ఆ జబ్బును నమోదు చేసి, ‘సేవతో సంబంధం లేదు’ అని రాసింది. ఏళ్లు గడిచాక ఆయన చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నివేదికతో దరఖాస్తు పంపాడు. ఎడమకంటి చూపు 6/60 అని అందులో ఉన్నది. ఆ అంకె నిజమే. కాని 2010లో చూపు ఎంత ఉండేదో, 2003లో ఏమి జరిగిందో, 1986లో కన్ను ఎలా ఉండేదో ఆ నివేదిక చెప్పదు. దరఖాస్తు తిరిగి రావడానికి అదే కారణం.

మొదటి ప్రశ్న: జబ్బు ఎప్పుడు మొదలైంది

సైన్యంలో చేర్చుకొనే ముందు ప్రతి అభ్యర్థికీ కంటిచూపును, రంగులను గుర్తించే శక్తిని పరీక్షిస్తారు. ఆనాటి పత్రంలో కంటి దోషం ఏదీ నమోదు కాకపోతే, అదే దరఖాస్తుదారుకు అన్నింటికంటె బలమైన ఆధారం.

2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. చేరిక సమయంలో ఏ లోపమూ నమోదు కాని వ్యక్తి ఆరోగ్యవంతుడిగానే చేరినట్లు భావించాలి. తరువాత వైద్య కారణాలపై అతనిని సేవ నుండి తొలగిస్తే, ఆరోగ్యం క్షీణించడానికి సేవయే కారణమని భావించాలి. రుజువు భారం దరఖాస్తుదారుపై ఉండదు. సహేతుకమైన సందేహం ఉంటే ఆ ప్రయోజనం అతనికే దక్కాలి. చేరిక వేళ జబ్బును కనిపెట్టడం సాధ్యం కాదని వైద్య బోర్డు భావిస్తే, అందుకు కారణాలను రాయాలి. ఆ కేసు కంటి జబ్బుకు సంబంధించినది కాదు, మూర్ఛవ్యాధికి సంబంధించినది. అయినా అందులో వివరించిన సూత్రాలు ఏ ఒక్క జబ్బుకో పరిమితమైనవి కావు.

రుజువు భారం లేదన్నంత మాత్రాన కాగితాలు అక్కరలేదని అర్థం కాదు. ఈ భావన ఎదుటివారు ఖండించడానికి వీలైనదే. చేరికనాటి పత్రం, మధ్యలో జరిగిన వార్షిక పరీక్షల పత్రాలు, విరమణనాటి బోర్డు పత్రం ఈ మూడూ వరుసగా ఉంటే చూపు ఏ సంవత్సరంలో తగ్గడం మొదలైందో ఎవరికైనా కనిపిస్తుంది.

సైనికుల ఆరోగ్య శ్రేణిని ‘షేప్’ అన్న పేరుతో నమోదు చేస్తారు. ఆ ఆంగ్ల పదంలోని చివరి అక్షరం ‘ఇ’ కంటిచూపును సూచిస్తుంది. ‘ఇ-1’ అంటే చూపు సరిగా ఉన్నట్లు. చాలాకాలం ‘ఇ-1’గా ఉన్న సైనికుడు ఒకానొక తేదీన ‘ఇ-2’కో ‘ఇ-3’కో మారితే, జబ్బు సేవాకాలంలోనే బయటపడిందనడానికి ఆ తేదీ సాక్ష్యం. శ్రేణి తగ్గించిన ఉత్తర్వు నకలును తప్పక సంపాదించుకోవాలి.

రెండవ ప్రశ్న: సేవతో సంబంధం ఏమిటి

గాయానికి ఒక రకమైన ఆధారం కావాలి, జబ్బుకు మరొక రకమైన ఆధారం కావాలి.

పేలుడు, రాతిముక్క, వాహన ప్రమాదం, శిక్షణలో దెబ్బ వంటి వాటివల్ల కన్ను దెబ్బతింటే గాయ నివేదిక ముఖ్యం. సైన్యంలో ‘ఐ.ఎ.ఎఫ్.వై-2006’ అన్న ఫారంలో దీనిని రాస్తారు. గాయమైనప్పుడు సైనికుడు విధిలో ఉన్నాడా లేదా అన్నది అందులో ఉంటుంది. విచారణ జరిగి ఉంటే ఆ విచారణ నివేదిక కూడా అవసరం. ఈ రెండూ దొరకకపోతే, ఆ రోజున ఆసుపత్రిలో చేర్చుకొన్న పత్రం, విడుదల సారాంశం ఉపయోగపడతాయి. అదే యూనిట్‌లో పనిచేసిన సహచరుల ప్రమాణపత్రాలు వాటికి బలం చేకూరుస్తాయి. పత్రాలు ఏవీ లేకుండా ప్రమాణపత్రాలు మాత్రమే పంపితే వాటికి విలువ తక్కువ.

జబ్బు విషయంలో వైద్య బోర్డు దాని స్వభావాన్ని చూస్తుంది. అందువల్ల దరఖాస్తుదారు తన జబ్బు పేరును కచ్చితంగా తెలుసుకోవాలి. ‘చూపు తగ్గింది’ అని రాయడం చాలదు.

దృష్టిదోషం, అనగా అద్దాలతో సరిదిద్దగల చూపు లోపం, సాధారణంగా శరీర తత్త్వానికి సంబంధించినదని భావిస్తారు. రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి జబ్బులు వంశపారంపర్యమైనవి. వీటిలో సేవే కారణమని నిరూపించడం కష్టం. సేవా పరిస్థితుల వల్ల జబ్బు ముదిరిందా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

నీటికాసులు, అనగా గ్లాకోమా, నొప్పి లేకుండా పక్కచూపును క్రమంగా తినివేస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు చక్కగా చదవగలిగిన మనిషికి కూడా చుట్టూ ఉన్న దృష్టిక్షేత్రం కుంచించుకుపోయి ఉండవచ్చు. కాబట్టి అక్షరాల పట్టికతో చేసిన పరీక్ష ఒక్కటే సరిపోదు. దృష్టిక్షేత్ర పరీక్ష, కంటి నరం పరీక్ష జరిగిన తేదీలు కావాలి.

రెటీనా మధ్యభాగం కింద నీరు చేరే జబ్బును సెంట్రల్ సీరస్ అంటారు. మానసిక ఒత్తిడికి, స్టెరాయిడ్ మందుల వాడకానికి దీనితో సంబంధం ఉన్నట్లు వైద్యశాస్త్రం చెబుతున్నది. ఈల్స్ వ్యాధి యువకులలో రెటీనా రక్తనాళాలు వాచి, కంటిలో పదేపదే రక్తస్రావం కలిగించే జబ్బు. ఎత్తైన ప్రాంతాలలో ప్రాణవాయువు తక్కువగా ఉండడం వల్ల రెటీనాలో రక్తస్రావం జరగవచ్చు. మంచుపై పడి తిరిగివచ్చే సూర్యకాంతి నల్లగుడ్డు పైపొరను దెబ్బతీయవచ్చు. ఇటువంటి సందర్భాలలో సైనికుడు ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఎక్కడ పనిచేశాడో తెలిపే పోస్టింగు వివరాలు వైద్య పత్రాలంత ముఖ్యం. జబ్బు మొదలైన తేదీని, ఆ ప్రాంతంలో ఉన్న తేదీలను పక్కపక్కన రాసి చూపితే పరిశీలకునికి సంబంధం తేలికగా అర్థమవుతుంది.

పైన ఊహించుకొన్న హవల్దారు పంపవలసినవి ఇవే: 2003 నాటి మిలిటరీ ఆసుపత్రి విడుదల సారాంశం, ఆ సంవత్సరపు పోస్టింగు వివరాలు, శ్రేణి తగ్గించిన ఉత్తర్వు, 2010 నాటి వైద్య బోర్డు పత్రం.

మూడవ ప్రశ్న: వైకల్యం ఎంత

విరమణ సమయంలో జరిగే వైద్య బోర్డు తన నిర్ణయాలను ‘ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-16’ అన్న ఫారంలో నమోదు చేస్తుంది. జబ్బు పేరు, మొదలైన తేదీ, స్థలం, సేవతో సంబంధంపై అభిప్రాయం, వైకల్య శాతం అందులో ఉంటాయి. పూర్తికాలం పనిచేసి విరమించినవారికి వైకల్య భాగం దక్కాలంటే సాధారణంగా వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి.

కంటి విషయంలో శాతాన్ని అద్దాలు పెట్టుకొన్న తరువాత మిగిలిన చూపును బట్టి నిర్ణయిస్తారు. అద్దాలు లేకుండా 6/60 ఉన్నా, అద్దాలతో 6/9 వస్తే ఆ నష్టం స్వల్పమే అవుతుంది. అందువల్ల ప్రతి కంటికీ విడిగా, అద్దాలు లేకుండా ఎంత, అద్దాలతో ఎంత అని రెండు అంకెలూ నివేదికలో ఉండేటట్లు వైద్యుని కోరాలి.

2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, సేవతో సంబంధం అంగీకరించబడిన వైకల్య శాతాన్ని పై మెట్టుకు సవరించే ప్రయోజనం పూర్తికాలం పనిచేసి విరమించినవారికి కూడా లభించింది. 50 శాతం కంటె తక్కువైతే 50గా, 50 నుండి 75 వరకు ఉంటే 75గా, 76 నుండి 100 వరకు ఉంటే 100గా లెక్కిస్తారు. యుద్ధ గాయాలు కాని సందర్భాలలో 100 శాతం వైకల్యానికి వైకల్య భాగం చివరి వేతనంలో 30 శాతం. చివరి వేతనం 40,000 రూపాయలు, వైకల్యం 30 శాతం అనుకొంటే, దానిని 50గా సవరించి లెక్కించినప్పుడు నెలకు 6,000 రూపాయలు వస్తుంది. ఒక కుటుంబానికి ఇంటి అద్దెలో సగమో, మందుల ఖర్చో అది.

2023 సెప్టెంబరు 21 నుండి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆ తేదీ తరువాత విరమించినవారు తమకు వర్తించే రేట్లను రికార్డు కార్యాలయం వద్ద సరిచూసుకోవాలి.

రెండు ధ్రువపత్రాలు వేరు వేరు

ప్రభుత్వ ఆసుపత్రి ఇచ్చే వికలాంగ ధ్రువపత్రం జతచేస్తే చాలుననుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఆ పత్రం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ఇచ్చేది. అందులో మెరుగైన కంటి చూపునే ప్రధానంగా లెక్కిస్తారు. మెరుగైన కంటిలో అద్దాలతో కూడా 3/60 కంటె తక్కువ చూపు ఉంటే అంధత్వం, 6/18 కంటె తక్కువై 3/60 వరకు ఉంటే అల్పదృష్టి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవది బాగున్నవారికి 30 శాతమే వస్తుంది. ఆ చట్టం కింద పలు ప్రయోజనాలకు కావలసిన 40 శాతాన్ని అది చేరదు.

సైనిక పింఛను లెక్క వేరు. అక్కడ ఒక్క కన్ను దెబ్బతిన్నా, సేవతో సంబంధం ఉంటే, పింఛనుకు అర్హత రావచ్చు. కనుక వికలాంగ ధ్రువపత్రం రాలేదని వైకల్య పింఛను ఆశ వదులుకోనక్కరలేదు. అది వచ్చినంత మాత్రాన పింఛను వచ్చినట్లూ కాదు.

పేరు, ఇంటిపేరు, ఇనిషియల్

చెన్నైలోని తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. తెలుగువారి పేరు ముందరి పొడి అక్షరం ఇంటిపేరును సూచిస్తుంది. తమిళనాడులో అదే స్థానంలోని అక్షరం సాధారణంగా తండ్రి పేరును సూచిస్తుంది. సైన్యపు రికార్డులో ఇంటిపేరు పూర్తిగా రాసి ఉండవచ్చు, లేదా చివరకు చేరి ఉండవచ్చు. ఆసుపత్రి చీటీలో తండ్రి పేరు తొలి అక్షరం పడవచ్చు. ఆధార్ కార్డులో మూడవ విధంగా ఉండవచ్చు. మూడు కాగితాలూ ఒకే మనిషివేనని దూరాన ఉన్న గుమస్తాకు ఎలా తెలుస్తుంది? అటువంటి చిన్న తేడా కూడా దరఖాస్తు తిరిగి రావడానికి చాలు.

దీనికి మార్గం సులభమే. ఆసుపత్రిలో చీటీ రాయించుకొనేటప్పుడే పింఛను పత్రంలో ఉన్నట్లు పేరు చెప్పాలి. పాత కాగితాలలో తేడా ఉంటే, ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ ఎదుట ప్రమాణపత్రం రాయించి జతచేయాలి. ప్రతి కాగితంపై సైనిక సంఖ్య ఉండేటట్లు చూసుకోవాలి. పేరు మారినా ఆ సంఖ్య మారదు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

సైనికుని సేవాపత్రాలు అతని రెజిమెంటుకు చెందిన రికార్డు కార్యాలయంలో ఉంటాయి. మద్రాస్ రెజిమెంటువారికి నీలగిరులలోని వెల్లింగ్‌టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపువారికి బెంగళూరులో, ఇ.ఎం.ఇ. విభాగంవారికి సికింద్రాబాదులో, ఆర్టిలరీవారికి నాసిక్‌లో ఆ కార్యాలయాలు ఉన్నాయి.

వైద్య బోర్డు పత్రాల నకళ్లను ముందుగా మామూలు ఉత్తరంతో కోరవచ్చు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘నా పత్రాలన్నీ ఇవ్వండి’ అని రాయడం కంటె, ‘చేరికనాటి వైద్య పరీక్ష పత్రం, ఫలానా సంవత్సరపు శ్రేణి మార్పు ఉత్తర్వు, విడుదల వైద్య బోర్డు పత్రం’ అని విడివిడిగా పేర్కొనడం మేలు.

పింఛను లేకుండా సేవ వదిలినవారి పత్రాలను సాధారణంగా 25 సంవత్సరాల తరువాత నాశనం చేసే పద్ధతి ఉన్నది. అటువంటివారు ఆలస్యం చేస్తే ఆధారమే మిగలదు. పత్రాలు నాశనమయ్యాయని జవాబు వస్తే, ఆ జవాబునే భద్రపరచుకోవాలి. కాగితం లేకపోవడం దరఖాస్తుదారు లోపం కాదని అది తెలుపుతుంది.

ఇప్పటి చూపును నమోదు చేయించుకోవడానికి చెన్నైలో సదుపాయాలకు కొరత లేదు. ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో ఆరంభమైన సంస్థ, ఆసియాలోని ప్రాచీన కంటి ఆసుపత్రులలో ఒకటి. మాజీ సైనికుల ఆరోగ్య పథకంలో సభ్యులైనవారు ముందుగా తమ పాలీక్లినిక్కుకు వెళ్లి అక్కడి నుండి సిఫారసు పత్రం తీసుకోవచ్చు.

గడువులు, అప్పీళ్లు

ఆధారాలు కోరుతూ వచ్చిన ఉత్తరం ఒక రకం, దరఖాస్తును తిరస్కరిస్తూ వచ్చిన ఉత్తరం మరొక రకం. ఉత్తరం అందగానే అది ఏ రకమో తేల్చుకోవాలి. చదివి అర్థం చేసుకోవడం కష్టమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించాలి. తిరస్కారమైతే ఆరు నెలలలోగా మొదటి అప్పీలు చేసుకోవాలి. అక్కడా కాదంటే రెండవ అప్పీలు ఉన్నది. ఆ తరువాత సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. 2007 నాటి చట్టం కింద ఏర్పడిన ఆ ట్రిబ్యునల్ ప్రాంతీయ ధర్మాసనాలలో ఒకటి చెన్నైలోనే ఉన్నది.

వైద్య బోర్డు అభిప్రాయమే చివరి మాట కాదు. 2013లో వీర్‌పాల్ సింగ్ కేసులో, బోర్డు అభిప్రాయాన్ని గుడ్డిగా అంగీకరించనక్కరలేదని చెబుతూ సుప్రీంకోర్టు ఆ మాజీ సైనికుని పునఃపరిశీలన వైద్య బోర్డు ఎదుటకు పంపింది. తిరిగి పరీక్షకు పంపడం దరఖాస్తుదారుకు లభించిన రెండవ అవకాశమే. అమెరికాలో కూడా మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డు అనేక కేసులను కొత్త వైద్య పరీక్ష కోసమో, దొరకని పత్రాల కోసమో వెనుకకు పంపుతుంది. అక్కడ ఆధారాలు సేకరించడంలో సహాయపడే బాధ్యతను 2000 నాటి చట్టం ప్రభుత్వ శాఖపైనే ఉంచింది. ఇక్కడ ఆ శ్రమ ఎక్కువగా దరఖాస్తుదారుపైనే పడుతున్నది.

ఏళ్లు గడిచినవారు కూడా నిరాశపడనక్కరలేదు. పింఛను నెలనెలా రావలసినది గనుక, అది అందకపోవడం కొనసాగుతున్న నష్టమని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది. అయితే ఆలస్యంగా వచ్చినవారికి బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందరి మూడేళ్లకే పరిమితమవుతాయి. ఆలస్యమైన ప్రతి నెలా ఒక నెల బకాయి పోయినట్లే. దరఖాస్తుదారు మరణిస్తే, అప్పటివరకు ఆయనకు రావలసిన బకాయిలను భార్య లేదా వారసులు కోరవచ్చు.

న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచిత సహాయం ఉన్నది. వికలాంగులు, స్త్రీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు.

తిరిగి పంపే ముందు సరిచూసుకోవలసినవి

1. వచ్చిన ఉత్తరంలో ఏ ప్రశ్న అడిగారో గుర్తించి, దాని కింద గీత గీయాలి.
2. చేరిక, మధ్యకాలం, విరమణ: మూడు దశల వైద్య పత్రాలు ఉన్నాయో లేవో చూసుకోవాలి.
3. గాయమైతే గాయ నివేదిక, జబ్బైతే పోస్టింగు వివరాలు జతచేయాలి.
4. కొత్త కంటి నివేదికలో జబ్బు పేరు, రెండు కళ్ల చూపు, దృష్టిక్షేత్రం ఉండాలి.
5. అన్ని కాగితాలలో పేరు, సైనిక సంఖ్య ఒకే విధంగా ఉండాలి.
6. తెలుగులో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి.
7. అసలు పత్రాలు పంపరాదు. నకళ్లు పంపి, పోస్టు రసీదును భద్రపరచాలి.

చూపు మందగించిన మనిషికి పాత కాగితాలను వెదకి చదవడమే ఒక పరీక్ష. కుటుంబంలోని పిల్లలు ఒక ఆదివారం కూర్చొని ఆ పెట్టె తెరచి, తేదీల వరుసలో కాగితాలను అమర్చిపెడితే, దరఖాస్తుకు కావలసిన పనిలో పెద్ద భాగం ఇంటిలోనే పూర్తవుతుంది.